రాహుకాలంలో రెండు మోటార్ల పడవ

మీ వాదన ఓడిపోయినప్పుడు శిక్ష ఎవరికి పడింది? మీకా, మీరు ఎవరి పక్షాన మాట్లాడారో ఆ మనిషికా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను చాలా ఏళ్ళు ఆ ప్రశ్న వేసుకోకుండానే వేదికలెక్కాను. ముహూర్తాలనూ శకునాలనూ దుయ్యబట్టాను. చప్పట్లు విని, సోడా తాగి, రిక్షా ఎక్కి ఇంటికి వచ్చాను. ఓడిన రోజున కూడా నాకేమీ కాలేదు. మర్నాడో ఆ మర్నాడో బడికి వెళ్ళి ఎప్పటిలాగే భౌతికశాస్త్రం పాఠం చెప్పాను. శిక్ష పడింది ఒక లాంచీ సరంగుకి.

అది డెబ్బయ్యో దశకం నడుమ. బెజవాడకి దిగువన కృష్ణలో ఒక లంక ఉంది. ఊరి పేరు చెప్పను. లంకకీ ఒడ్డుకీ మధ్య ఒక లాంచీ తిరుగుతుంది. రెండు ఇంజన్లు, రెండు ప్రొపెల్లర్లు ఉన్న లాంచీ. యజమాని ఎక్కడో సముద్రపు రేవులో పాతది కొని తెచ్చాడు. దాన్ని నడిపే సరంగు లంకలోనే కాపురం ఉండేవాడు. నలభై ఏళ్ళ క్రైస్తవుడు, మాట తక్కువ మనిషి. ఎడమ ఇంజను దగ్గుతోందని యజమానికి మూడుసార్లు చెప్పాడు. దసరా రద్దీ పోయాక చూద్దాంలే అన్నాడు యజమాని.

దసరా వెళ్ళిన వారానికి, ఒక శుక్రవారం పదకొండు గంటలకు లాంచీ నిండా జనం ఎక్కారు. రాహుకాలం పన్నెండు దాకా ఉంది, ఆగమని ఒక పెద్ద రైతు అన్నాడు. ఒడ్డున పన్నెండింటి బస్సు అందుకోవాల్సిన వాళ్ళు పోనిమ్మన్నారు. సరంగు పోనిచ్చాడు. నది మధ్యకి వచ్చాక ఎడమ ఇంజను ఆగిపోయింది. కుడిది తోస్తూనే ఉంది. లాంచీ ఒక్కసారిగా ఎడమకి తిరిగింది. నిలబడ్డ జనమంతా కుడివైపుకి జారారు, ఆ పక్క అంచు నీళ్ళలోకి వంగింది. అయిదుగురు పడిపోయారు. సరంగు దూకి నలుగుర్ని లాగాడు. అయిదో మనిషి, పుట్టింటికి వెళుతున్న ఒక ఇల్లాలు, మర్నాడు దిగువ ఇసుక తిన్నె దగ్గర దొరికింది. ఆమెను లాంచీ ఎక్కించి లంక రేవులో నిలబడి చూస్తున్న భర్త కళ్ళ ముందే జరిగింది ఇదంతా.

ఎవరో చేత్తో తిప్పినట్టు తిరిగిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆ మాట రెండు రోజుల్లో వేరే మాటగా మారింది. రాహుకాలంలో కదిలించాడు, కొబ్బరికాయ కొట్టడు, గంగమ్మకి దండం పెట్టడు, తల్లి తిప్పేసింది. యజమానికి ఇంతకన్నా కావాల్సిందేముంది? మెకానిక్కుని పిలిపించి ఇంజను పైపైన బాగు చేయించి, ఇంజనుకేమీ రోగం లేదు చూసుకోండి అన్నాడు. కార్తీకమాసం వెళ్ళేలోగా సరంగుని రేవులో ఉండనివ్వాలా వద్దా తేలుస్తామని లంక పెద్దలు చెప్పారు.

ఈ సంగతి నాకు చెప్పింది సరంగు బావమరిది. గవర్నర్‌పేటలో ఒక సందులో అతనికి రేడియో రిపేరు కొట్టు ఉండేది. ఇల్లు భవానీపురంలో. సాయంత్రాలు బడి అయ్యాక నేను ఆ కొట్టులో బల్ల మీద కూర్చునేవాణ్ణి. ఏ సెట్టు విప్పినా ముందు కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థన చేసుకోవడం అతని అలవాటు. వాల్వు మార్చడానికి యేసయ్య ఎందుకయ్యా అని నేను ఆట పట్టించేవాణ్ణి. పాఠం చెప్పేముందు మీరు గొంతు సవరించుకోరా మాస్టారూ, ఇదీ అంతే అనేవాడు.

పేవ్‌మెంటు మీద దొరికిన అట్టలేని విదేశీ పత్రిక ఒకటి చూసి, అతను రేడియోతో నడిచే చిన్న పడవ చెయ్యాలని రెండేళ్ళుగా కుస్తీ పడుతున్నాడు. నాలుగడుగుల చెక్క పొట్ట తయారై అటక మీద ఉంది. తన అక్క సంసారం గురించి చెబుతూ అతను కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, నేను అటక మీది పడవని చూస్తున్నాను. ఆ క్షణంలో నాకు మొదట తట్టింది సరంగు కాదు, సభ. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

దానికి రెండు మోటార్లు పెట్టు, అన్నాను. ఒడ్డున నిలబడి, నది మధ్యలో ఎడమది ఆపుదాం. ఎవరి చెయ్యీ పడకుండా ఎలా తిరుగుతుందో ఊరంతా చూస్తుంది.

తాడు కట్టి లాగితే మీరే లాగారంటారు. అందుకే రేడియో కావాలి అన్నాను. లైసెన్సు లేని వైర్‌లెస్ సెట్టు చేస్తే లోపలేస్తారు మాస్టారూ అని భయపడ్డాడు. భయపడుతూనే మర్నాడు పని మొదలుపెట్టాడు. అతనికి అక్క ఒక్కతే.

నెల రోజులు పట్టింది. పాత కార్లలో గాలి విసిరే చిన్న ఫ్యాన్లుంటాయి. వాటి మోటార్లు రెండు ఆటోనగర్‌లో దొరికాయి. స్కూటరు బ్యాటరీ ఒకటి సంపాదించాం. ఇత్తడి రేకుతో ప్రొపెల్లర్లు చెయ్యమని ఒక కంచరి ఆయనకి ఇచ్చాం. ఒకటి కుడివాటం, ఒకటి ఎడమవాటం ఉండాలి. మన రెండు అరచేతుల్లా ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉంటేనే పడవ తిన్నగా పోతుంది. ఆయన రెండూ ఒకేలా చేసి తెచ్చాడు. కవలలు కదండీ, తేడా ఎందుకొస్తుంది, నా పనిలో రాదు అన్నాడు గర్వంగా. ఆయనకి అరచేతులు చూపించి మళ్ళీ చేయించేసరికి వారం పోయింది.

అసలు కష్టం మోటార్ల దగ్గర వచ్చింది. చూడ్డానికి రెండూ ఒకటే. కరెంటు ఇస్తే ఒకటి పరిగెడుతుంది, రెండోది నడుస్తుంది. అలా వదిలితే ఏ ఇంజనూ ఆపకుండానే పడవ గుండ్రంగా తిరుగుతుంది, మన వాదన అక్కడే మునుగుతుంది. అందుకని అతను ఒక్కో మోటారు ముందు ఒక్కో పెద్ద ట్రాన్సిస్టర్ పెట్టాడు. రేడియోలో గొంతు పెంచే మర ఉంటుంది కదా, అలాంటిదే ఒకటి ఎడమ ట్రాన్సిస్టర్‌కి, ఒకటి కుడిదానికి. వెంట్రుకవాసి తిప్పుతూ రెండు మోటార్లనూ ఒకే వేగానికి తెచ్చాడు. ట్రాన్సిస్టర్లు కాలిపోకుండా వాటి వేడి లాగడానికి వాళ్ళావిడ టిఫిన్ డబ్బా మూత కోసి బిగించాడు. చేతిలో పట్టుకునే పెట్టెకి రెండు మీటలు. ఒక మీట నొక్కితే ఒక రకం ఈల గాలిలో వెళుతుంది, పడవలోని రిసీవరు ఆ ఈల విని ఎడమ మోటారు ఆపేస్తుంది. రెండో మీట కుడిదానికి. మనుషులకి బదులు డెక్కు మీద ఇసుక పోసి కుట్టిన చిన్న గుడ్డ మూటలు పెట్టాం.

కొట్టు వెనక సిమెంటు కుండీలో, సగం వేగంతో, అది చెప్పిన మాట విన్నది. మీట నొక్కగానే ఎడమ మోటారు ఆగడం, పడవ ముక్కు ఎడమకి కొట్టుకుపోవడం చూసి నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. అతను కొట్టలేదు. కుండీలో పూర్తి వేగం చూడ్డానికి చోటు లేదు మాస్టారూ, కాలవలో వెయ్యాలి అన్నాడు.

అప్పటికే నేను కరపత్రాలు పంచేశాను. ముహూర్తం నేనే పెట్టాను. కార్తీక అమావాస్య ఆ ఏడు మంగళవారం పడింది. మంగళవారం రాహుకాలం మధ్యాహ్నం మూడింటి నుంచి. అమావాస్య, మంగళవారం, మూడు గంటలు అని పెద్ద అక్షరాల్లో వేయించాను. మూడు మూఢనమ్మకాలనీ ఒకే పడవలో ముంచుతాం అని కింద ఒక వాక్యం. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను. లంక పెద్ద రైతు దగ్గరికి వెళ్ళి కరపత్రం ఇస్తే, ఆయన తీరిగ్గా చదివి, సరేనండీ, అది చూశాకే తేలుద్దాం, మాకేం తొందర అన్నాడు. మంచి మనిషి. లాంచీ ఆగమని ఆ రోజు అన్నది ఆయనే.

సోమవారం పొద్దున బందరు కాలవలో పడవ వేశాం. పూర్తి వేగంతో పదిసార్లు వదిలితే ఎనిమిదిసార్లు బుద్ధిగా వెళ్ళింది. రెండుసార్లు, మీట ముట్టుకోకుండానే, ఎడమ మోటారు ఆగిపోయింది. అతను గట్టు మీద కూర్చుని ఎడమ మోటారు తీగలు ఒక్కొక్కటే లాగి చూశాడు.

"రెండు రోజులివ్వండి మాస్టారూ. ఎందుకు ఆగుతోందో పట్టుకుంటాను."

రేపే కదయ్యా, అన్నాను.

"గురువారం పెట్టుకుందాం. మీకు రాహుకాలమే కావాలంటే గురువారం కూడా ఉంటుందిగా, ఒంటిగంటన్నరకి. అప్పుడే వేద్దాం."

"అమావాస్య ఉండదు," అన్నాను నేను.

అతను నా మొహంలోకి చూశాడు. నేనేం అన్నానో నాకు అప్పుడు వినబడలేదు. ఇప్పుడు వినబడుతోంది, రోజూ వినబడుతోంది. మంచి ఘడియ కోసం పెళ్ళి ఆపుకునేవాళ్ళని వెక్కిరించిన నేను చెడ్డ ఘడియ దాటిపోతుందని పని చెడగొట్టాను. పంచాంగం తలకిందులుగా పట్టుకున్నా చదివేది పంచాంగమే. వాయిదా వేస్తే భయపడ్డామంటారయ్యా అని గట్టిగా వాదించాను. వాదించడం నాకు చేతనవును, అతనికి చేతకాదు. చివరికి సగం వేగంతోనే నడుపుదామని ఒప్పందం చేసుకుని ఒప్పుకున్నాడు.

మంగళవారం మూడింటికి లంక రేవులో ఊరు ఊరంతా ఉంది. చనిపోయినామె భర్త జనానికి ఎడంగా, తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. యజమాని కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. సరంగు పంచె ఎగగట్టి మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాడు, పడవని వదలడానికీ తిరిగొస్తే పట్టుకోవడానికీ. అతని భార్య గట్టు మీద చెట్టు నీడలోకి కూడా రాకుండా ఎండలోనే నిలబడింది.

నేను మాట్లాడాను. ఈ పడవకి రాహువు తెలియదు, అమావాస్య తెలియదు, ఇది మా వేలు చెప్పిన మాట తప్ప ఇంకెవరి మాటా వినదు అన్నాను. ఆ వాక్యం గుర్తుపెట్టుకోండి.

సరంగు పడవ వదిలాడు. సగం వేగంతో అది తిన్నగా, నీటి మీద గీత గీసినట్టు వెళ్ళింది. జనంలో గొణుగుడు ఆగింది. బావమరిది ఎడమ మీట నొక్కాడు. పడవ ఎడమకి తిరిగింది. కానీ నెమ్మదిగా తిరిగింది. డెక్కు మీద మూటలు కొంచెం కదిలి ఆగిపోయాయి.

"మూటలు పడలేదేంటి మరి?" అన్నాడు యజమాని కుర్చీలోంచి. "మా లాంచీలో మనుషులు పడ్డారు. మీ ఇసక బస్తాలకి భక్తి ఎక్కువేమో."

జనం నవ్వారు. ఆ నవ్వు నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పూర్తి వేగం ఇవ్వు అన్నాను. వద్దు మాస్టారూ అని అతను నెమ్మదిగా అన్నాడు. ఇవ్వవయ్యా అన్నాను. నలుగురికీ వినబడేలా అన్నాను. అతను పడవని వెనక్కి రప్పించి, రెండు మరలూ పైకి తిప్పి, మళ్ళీ వదిలించాడు. వదిలేముందు కళ్ళు మూసుకున్నాడు.

పడవ ముక్కు పైకెత్తి ఉరికింది. యాభై గజాలు వెళ్ళింది. అతని వేలు మీటకి దూరంగా గాలిలోనే ఉంది. ఎడమ మోటారు ఆగింది. పడవ గిర్రున తిరిగింది, మూటలు కుడివైపుకి జారి రెండు నీళ్ళలో పడ్డాయి, అచ్చం ఆ శుక్రవారం జరిగినట్టే. మళ్ళీ ఎడమది తనంతట తనే తిరగడం మొదలెట్టింది. అప్పటికి ముక్కు రేవు వైపుకి ఉంది. రెండు మోటార్లూ పూర్తి వేగంలో ఉన్నాయి. అతను రెండు మీటలూ కలిపి నొక్కుతూనే ఉన్నాడు, అది వినలేదు. నేరుగా వచ్చి సరంగు మోకాలికి కొట్టుకుని బోర్లా పడింది. ప్రొపెల్లర్లు గాలిలో కాసేపు తిరిగి ఆగాయి.

తర్వాత ఒక ఆడగొంతు, అతన్నే వెతుక్కుంటూ వచ్చిందమ్మా అంది.

మేము నొక్కలేదు, అని నేను కేకేశాను. చూడండి, మీట ఎవరూ నొక్కలేదు, దానంతటదే ఆగింది అన్నాను.

పెద్ద రైతు లేచి నిలబడ్డాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. అదే నేను భరించలేకపోయాను.

"మేమూ అదేగదండీ అంటోంది, మాస్టారూ. ఎవరూ నొక్కకుండానే తిరిగింది."

నా దగ్గర జవాబు ఉంది. ఆ క్షణంలో నా దగ్గర ఉన్నంత మంచి జవాబు నా జీవితంలో మరెప్పుడూ లేదు. యంత్రం చెడితే దానంతటదే ఆగుతుంది, ఆగితే పడవ తిరుగుతుంది, తిరిగితే మనుషులు పడతారు, మీరు ఇప్పుడు చూసింది అదే అని చెప్పాలి. ఆ వైఫల్యమే మేము చూపించదలచుకున్న రుజువు. కానీ మా వేలు చెప్పిన మాట తప్ప వినదని పది నిమిషాల క్రితం నేనే అన్నాను. నోరు తెరిస్తే ఆ వాక్యమే అడ్డం పడింది. సరంగు వంగి నీళ్ళలోంచి మూటలు ఏరుతున్నాడు.

సాయంత్రానికి పెద్దలు తేల్చేశారు. అతను లాంచీ మీద చెయ్యి వెయ్యకూడదు, రేవులోకి రాకూడదు. లంకలో రేవు తప్పితే బయటికి దారి లేదు. కాబట్టి ఊరు వదలమన్నట్టే. కొట్టలేదు, తిట్టలేదు. పెద్ద రైతు ఇంట్లోంచి వాళ్ళకి ఆ పూట భోజనం కూడా పంపించారు.

ఆ పూటకి మేము సరంగు ఇంట్లోనే ఉండిపోయాం. నేను అరుగు మీద గోడకి జారగిలబడి, రాబోయే వ్యాసంలో ఆ పెద్ద రైతుని ఎలా చీల్చాలో వాక్యాలు కూర్చుకుంటున్నాను. సరంగు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మాస్టారండీ, ఒక్క మాట. మీరు చదువుకున్నారు, అబద్ధం చెప్పరు. ఆ రోజు నేను పన్నెండు దాకా ఆగుంటే ఆవిడ బతికేదా?"

ఇంజను ఎప్పుడైనా ఆగుతుంది, పన్నెండున్నరకి ఆగి ఉంటే ఇంకొకరు పోయేవారు అన్నాను.

"నేనడిగింది ఆవిడ గురించండి."

ఆగి ఉంటే, బస్సు తప్పిపోతుందని సగం మంది దిగిపోయేవారేమో. ఆమే దిగిపోయేదేమో. తెలియదు. తెలియదని చెప్పడం హేతువాదికి మొదటి పాఠం. అది కూడా చెప్పలేకపోయాను. అతను తల పంకించి లోపలికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అతని నడక చూస్తే అర్థమైంది. ఊరు నమ్మినదాన్ని ఇప్పుడు ఇతనూ నమ్ముతున్నాడు. నేను ఎవరిని విడిపించడానికి వచ్చానో ఆ మనిషినే నా చేతులతో అప్పగించాను.

మర్నాడు పోలి స్వర్గం. తెల్లవారకముందే ఆడవాళ్ళు రేవులో అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతున్నారు. ఒక ట్రంకు పెట్టె, పరుపుచుట్ట, రెండు గోనెసంచుల గిన్నెలతో సరంగు కుటుంబం లాంచీ ఎక్కింది. మేమూ ఎక్కాం. కొత్త సరంగు మా వైపు చూడకుండా ఇంజన్లు తిప్పాడు. దీపాల మధ్య నుంచి లాంచీ కదిలింది. దొప్పలు అటూ ఇటూ ఊగి మళ్ళీ తిన్నగా నిలబడ్డాయి. చనిపోయినామె భర్త మెట్ల మీద నిలబడి ఒక దొప్పని చూస్తున్నాడు. అది ఆమె పేరున వదిలిందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇన్నేళ్ళలో మొదటిసారి అందరిలాగే బల్ల మీద కూర్చున్న సరంగు కళ్ళు మూసుకుని చెవి ఒగ్గాడు. కాసేపటికి నా వైపు వంగాడు.

"ఎడమది ఇంకా దగ్గుతోందండి."

అంతే అన్నాడు. నేను విన్నాను. విని ఏం చేశాను? ఓటమి అవమానం మోసుకుని బస్సెక్కి ఇంటికి పోయాను.

గురువారం మధ్యాహ్నం బావమరిది కొట్టుకి రమ్మని కబురు పంపాడు. తప్పు ఎక్కడుందో పట్టుకున్నాడు. మోటారు పూర్తి వేగంతో తిరిగినప్పుడు లోపల బొగ్గు ముక్కల దగ్గర నిప్పు చిమ్ముతుంది. ఆ నిప్పురవ్వల గోల రిసీవరుకి ఒకసారి మా ఈలలా వినబడుతోంది, ఇంకోసారి మా అసలు ఈలనే వినబడనివ్వడం లేదు. సగం వేగంలో రవ్వలు లేవు కాబట్టి తప్పు కనబడలేదు. విరుగుడు, ఆ గోలని మింగేసే శనగబద్దంత కెపాసిటర్ బిళ్ళలు, మోటారుకి ఒకటి చొప్పున రెండు. రిసీవరుకి విడిగా చిన్న బ్యాటరీ. ఆ బిళ్ళలు మొదటి రోజు నుంచీ అతని బల్ల సొరుగులోనే ఉన్నాయి. అవి నా అరచేతిలో పెట్టి, అతను నా మీద ఎప్పుడూ ఎత్తని గొంతు ఆ రోజు కూడా ఎత్తకుండా అన్నాడు.

"నేను ప్రార్థన చేసుకుంటాను, తర్వాత మీటరు పెట్టి చూస్తాను. మీరు ప్రార్థనా చెయ్యలేదు, నన్ను మీటరూ పెట్టనివ్వలేదు."

ఆదివారం బావమరిదీ, అతని ఇంట్లోనే దిగిన సరంగూ చర్చి నుంచి వచ్చాక బందరు కాలవ గట్టుకి వెళ్ళాం. సరంగుని బతిమాలి తీసుకొచ్చాం. పదకొండుసార్లు పూర్తి వేగంతో వదిలాం. పదకొండుసార్లూ మీట నొక్కినప్పుడే ఎడమ మోటారు ఆగింది. పదకొండుసార్లూ పడవ ఎడమకి తిరిగి, మూటలు కుడికి జారి, ఒకటో రెండో నీళ్ళలో పడ్డాయి. ఎంత ఖచ్చితం. చూసినవాళ్ళు ముగ్గురం, గట్టు మీద గడ్డి మేస్తున్న ఒక గేదె.

సరంగు నీళ్ళలో దిగి, అడుగు నుంచి తీసిన గుడ్డ మూటలోంచి ఇసుక కారిపోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇందులో ఆవిడ ఏ మూటండీ?" అన్నాడు.

బావమరిది పెట్టె కింద పెట్టేసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ పడవని మళ్ళీ నీళ్ళలో వెయ్యలేదు.

నేను లంకకి రెండుసార్లు వెళ్ళాను. ఇంకొక్కసారి చూడమని అడిగాను. ఒకసారి చూశాం కదండీ అన్నారు. ఎడమ ఇంజను దగ్గుతోందని యజమానికి చెప్పాను. మీ పడవ సంగతి చూసుకోండి ముందు, అని నవ్వాడు. సంబంధించిన ఆఫీసుకి అర్జీ పెట్టాను, జవాబు లేదు. ఒక్కడి అర్జీ. అందులోనూ ఊరంతా చూస్తుండగా నవ్వులపాలైన వాడి అర్జీ. లాంచీ తిరుగుతూనే ఉంది. ఎడమ ఇంజను ఇంకా అదే.

సరంగు ఇప్పుడు గన్నవరం దగ్గర ఒక బియ్యం మిల్లులో కాపలా. నీటి వైపు రాడు. కాలవ వంతెన దాటాల్సి వస్తే అవతలి వైపుకి చూస్తూ దాటతాడట. కిందటి నెల వెళ్ళి కలిశాను. మిల్లు మర చప్పుడులో నా చెవి దగ్గరికి వంగాడు. ఆ వేళ నేను ఆగాల్సిందండి అన్నాడు. నేను పదకొండుసార్ల సంగతి మళ్ళీ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. అతని దగ్గర ఓడిపోయాను. ఈ ఓటమికి రెండో విచారణ లేదు.

మీ ఊళ్ళోనూ ఒక రేవు ఉంటుంది, లేకపోతే ఒక బస్సో, మిల్లో, కరెంటు మోటారో ఉంటుంది. దాన్ని నడిపే మనిషికి ఏది దగ్గుతోందో తెలుసు. ఇప్పటికే మూడుసార్లు చెప్పి ఊరుకుని ఉంటాడు. నాలాంటివాడు ఉపన్యాసానికి వచ్చేదాకా ఆగకండి. ఈ వ్యాసం బాగుందని నాకు ఉత్తరం రాయకండి. రేపు పొద్దున లేచి అతని దగ్గరికి వెళ్ళండి. ఏది దగ్గుతోంది అని అడగండి. అతను చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, అతని సంతకం కింద మీ సంతకం పెట్టి, ఎక్కి దిగే పదిమందితో పెట్టించి, యజమాని చేతికి ఇవ్వండి. బాగు చేసేదాకా ఎవరూ ఎక్కకండి. రేపు ఏ వారమో, ఏ ఘడియో చూడకండి. మంచిదా అనీ చూడకండి, చెడ్డదా అనీ చూడకండి. వెళ్ళండి.